పదును తప్పిన పొద్దు

నేను ఒక రోలర్ని. ఆటల గ్రౌండు చదును చేసే రకం, అర టన్ను బరువు. రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో దళసరి రేకును గుండ్రంగా వంచి, లోపల కంకరా సిమెంటూ కూరి నన్ను తయారుచేశారు. కొనడానికొచ్చిన కాలేజీ గుమాస్తా వేళ్లతో తట్టి, "అంతా ఇనుమేనా?" అని అడిగాడు.

"పైన ఇనుము, లోపల కంకర. మీరు చెప్పిన ధరకి ఇదే వస్తుంది," అన్నాడు షాపువాడు.

దాచలేదు. సరుకు సంగతి ముందే చెప్పి అమ్మిన బేరం నాది. నన్ను కొన్న కాలేజీ గురించి ఆ మాట చెప్పలేను, అందుకే ఇదంతా చెప్పాల్సి వస్తోంది.

నన్ను లాగే పని గవరయ్యకు అప్పగించారు. గ్రౌండుకు నీళ్లు పెట్టి, రోలర్ తిప్పి, సున్నంతో గీతలు గీసే మనిషిని కాలేజీల్లో మార్కర్ అంటారు. గవరయ్యది ఏడాదికోసారి కాగితం మార్చే ఉద్యోగం. ఆ కాగితం ఇరవై రెండుసార్లు మారింది. ప్రతిసారీ "వచ్చే ఏడు పర్మనెంటు చేసేద్దాం గవరయ్యా" అన్నారు. అతను నమ్మాడు. నమ్మినవాడికి జీతం పెంచక్కర్లేదని కాలేజీకి తొందరగానే తెలిసింది.

గవరయ్య పనితనం చెప్తాను. సాయంత్రం నేల తడుపుతాడు. తెల్లారాక పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుమెత్తు నుంచి జారవిడుస్తాడు. ఉండ నాలుగు ముక్కలైతే పదునుకొచ్చినట్టు, అప్పుడే నా కాడి పట్టుకుంటాడు. చితికి అతుక్కుపోతే ఇంకా తడి ఉన్నట్టు, చుట్ట వెలిగించుకుని కూర్చుంటాడు. ఎవరు తొందరపెట్టినా లేవడు. తడి నేల మీద నన్ను తిప్పితే మట్టి నా ఒంటికి అంటుకుని పొరలుగా లేచిపోతుంది. ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు, మూడోవాడికి అక్కర్లేదు.

ఆ నేల మీద దాలమ్మ పరుగెత్తింది. కొండవార ఊరి పిల్ల, చెప్పుల్లేని కాళ్లు. ఎనిమిది వందల మీటర్లలో యూనివర్సిటీ బంగారు పతకం తెచ్చింది, మరుసటేడు రాష్ట్ర పతకం. దాంతో కాలేజీ దశ తిరిగింది. దాలమ్మ ఫొటో బస్సుల వెనక ఎక్కింది. నాలుగు వందల మంది చదివేచోట పదిహేను వందల మంది చేరారు. పిల్లలు పెరిగారని కొత్త లెక్చరర్లు వచ్చారు. లెక్చరర్లు వచ్చారని గ్రాంటు ఇస్తామన్నారు, కమిటీ వచ్చి చూసి సరే అంటే చాలు. అందులోనే ఒక పర్మనెంటు మార్కర్ పోస్టు కూడా ఉంది.

వ్యాపారం తెలిసినవాడు ఒకటే అడుగుతాడు: పెట్టుబడి ఎవరిది? ఆ పిల్ల కాళ్లది. ఆ కాళ్ల కింద నేలది. ఆ నేలను చంటిపిల్లలా సాకిన మనిషిది. మరి లాభం ఎవరు తిన్నారో వినండి.

కమిటీ వచ్చే ముందు సాయంత్రం గవరయ్య కొలతగా నీళ్లు పెట్టి ఇంటికెళ్లాడు. అతను వెళ్లాక కరెస్పాండెంటు పద్మనాభం గారు రెండు ట్యాంకర్లు తెప్పించి గ్రౌండంతా ముంచారు. దుమ్ము లేస్తే కమిటీవాళ్ల బట్టలు పాడవుతాయట.

తెల్లారి గవరయ్య వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఉండ చేసి వదిలాడు. అది పేడలా అతుక్కుపోయింది. ఈలోగా పద్మనాభం గారు బావమరిదిని వెంటేసుకుని వచ్చారు.

"ఇంకా రోలర్ తియ్యలేదేం?"

"తడి ఆరనేదు బాబూ. ఇప్పుడు తిప్పినామంటే తోలు ఒలిసినట్టు మట్టి లేచిపోద్ది. పది దాకా ఆగండి."

"తొమ్మిదికి వాళ్లొస్తుంటే పదిదాకా ఆగుతావా? ఆ లడ్డూలు చుట్టడం ఆపి కాడి పట్టు."

"సూడండి బాబూ, ఉండ పగల్నేదు..."

"గవరయ్యా," అన్నారాయన, గొంతు తగ్గించి. "నీ పర్మనెంటు కాగితం నా టేబుల్ మీదే ఉంది. సంతకం పెట్టమంటావా, చింపమంటావా?"

గవరయ్య ఇరవై రెండేళ్లలో ఎన్నడూ చెయ్యని పని ఆ రోజు చేశాడు. పదును లేని నేల మీద నా కాడి పట్టాడు.

నేనూ కదిలాను. నన్ను నేను తిట్టుకోవాలనిపించేది అక్కడే. రెండో చుట్టుకే చపాతీలంత పెళ్లలు నా ఒంటికంటి లేచాయి. గవరయ్య వంగి గోళ్లతో గీకుతూ, గుంటల్లో మట్టి కూరుతూ, మళ్లీ లాగుతూ ఒకటే రొప్పు. ఏళ్ల తరబడి పరిచిన నేల గజ్జి పట్టిన ఒంటిలా తేలింది. దాని మీద తెల్లగా సున్నం గీతలు గీయించారు. దూరం నుంచి ముచ్చటగానే ఉంది.

"గవరయ్య మావా, కాలు దిగబడతంది," అంది దాలమ్మ, ఒకడుగు వేసి చూసి. కమిటీ ముందు పరుగెత్తి చూపించడానికి ఆ పిల్లను పిలిపించారు.

"మెల్లగా ఎల్లమ్మా. ఇయాల పతకం లేదు, ఏటీ లేదు. ఉత్తుత్తి పరుగే."

కానీ ఆ పిల్లకు ఉత్తుత్తి పరుగు రాదు. రెండో మలుపులో గుంటలో పాదం మడతపడి బోర్లా పడింది. మోకాలు పట్టుకుని అది అరిచిన అరుపు షామియానా దాకా వినబడింది. షామియానాలో కమిటీవాళ్లు పెసరట్టు ఉప్మా తింటూ దాలమ్మ పాత ఫొటోల ఆల్బం తిరగేస్తున్నారు. ఒకాయన తలెత్తి, "ఈ ట్రాక్ ఎవరు చూస్తారు?" అన్నాడు. పద్మనాభం గారి వేలు గవరయ్య వైపు తిరిగింది.

"చెప్పినమాట వినడండీ. తడి నేల మీద రోలర్ తిప్పేశాడు. అందుకే శిక్షణ పొందిన మనిషిని పెట్టాలనుకుంటున్నాం."

గవరయ్య బురద చేతులతో నిలబడి ఉన్నాడు. ఆ బురదకు అతని తరఫు సాక్షిని నేనొక్కదాన్నే, నాకు నోరు లేదు. ఉన్నా, కాలేజీలో నోరున్నవాళ్లంతా ఏం చేశారు గనక!

కమిటీ పై గ్రేడు ఇచ్చింది. గ్రాంటు వచ్చింది. పోస్టూ వచ్చింది, బావమరిదికి. గవరయ్యకు ఆ ఏడు కాగితం మారలేదు. దాలమ్మ ఇప్పుడు మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది. బస్సుల వెనక మాత్రం ఇంకా పరుగెడుతూనే ఉంది.

పెట్రోలుతో నడిచే కొత్త రోలర్ వచ్చాక నన్ను పాత ఇనుముకి అమ్మబోయారు. లోపల కంకరని తెలిసి కొనేవాడు వెనక్కి తగ్గాడు. అప్పుడు నాకు బంగారు రంగు పూసి, గేటు దగ్గర దిమ్మె మీద నాలుగు బోల్టులతో బిగించారు. కింద ఫలకం: 'మా క్రీడా ప్రగతికి చిహ్నం'. దాని మీద పద్మనాభం గారి పేరుంది, బావమరిది పేరుంది. నన్ను లాగినవాడి పేరు లేదు. లోపలేముందో నన్ను కొన్ననాడే అడిగారు. ఈ కాలేజీ లోపలేముందని ఆల్బం తిరగేసినవాళ్లు ఒక్కరూ అడగలేదు.

మొన్న గవరయ్య సర్వీసు సర్టిఫికెట్ కోసం వచ్చాడు. "లోపలికి పంపొద్దన్నారు మావా, ఏమనుకోకు," అన్నాడు వాచ్‌మన్, నేల చూపులు చూస్తూ. ముందురోజు జల్లు పడింది. గవరయ్య నా దిమ్మె పక్కనుంచి పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుమెత్తు నుంచి వదిలాడు. నాలుగు ముక్కలైంది.

"ఇయాల పదునుంది," అన్నాడు నాతో.

అలవాటుగా కాడి పట్టుకుని లాగాడు. మళ్లీ లాగాడు. మొరాయించాల్సిన రోజున కదిలాను. కదలాల్సిన రోజున బోల్టులు బిగించి ఉన్నాయి. గవరయ్య అరచేతికి బంగారు రంగు అంటింది. దాన్ని లుంగీకి తుడుచుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.