కార్డులో మొదటి ప్రశ్న

వాషింగ్టన్ నుంచి కోవిడ్ సాయం డబ్బు వచ్చిపడగానే టర్లీ కౌంటీ కమిషనర్లు ముగ్గురికీ ఎక్కడలేని హుషారు పుట్టుకొచ్చింది. కోర్టు భవనం పైకప్పు కారుతుంటే ఏళ్ల తరబడి బకెట్లు పెట్టి నెట్టుకొచ్చినవాళ్లు, ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున్నే కూర్చుని ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలా అని తలలు పట్టుకుంటున్నారు. పన్నులు తగ్గించడానికి వాడకూడదు. పింఛను నిధిలో వేయకూడదు. మంచినీటి గొట్టాలకూ మురుగు కాలవలకూ వాడొచ్చు. జబ్బు రోజుల్లో ఇంట్లో దాక్కోకుండా పనిచేసిన ఉద్యోగులకు ఆపద భత్యం ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇచ్చి తీరాలని కాదు. ఆ తేడా మాత్రం కమిషనర్లకు ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది.

షెరిఫు మనుషులకు భత్యం వచ్చింది. జైలు కాపలావాళ్లకు, అంబులెన్సు వాళ్లకు, రోడ్ల మీద మంచు తీసేవాళ్లకు వచ్చింది. కోర్టు భవనం ఊడ్చే ముసలాయనకూ వచ్చింది, ఆయన సంగతి ఎవరూ కాదనలేదు. రానిది ఒక్క 911 గదిలో, ఆపదలో ఉన్నవాళ్లు చేసే ఫోన్లెత్తే నలుగురు ఆడవాళ్లకే. ఆ గది భవనం అడుగున నేలమాళిగలో ఉంది కాబట్టి పైనున్నవాళ్లకు గుర్తుకు రాలేదేమో. గుర్తుచేశాక కూడా నెలన్నర నానబెట్టి, చివరికి ఈ సోమవారం ఓటింగు పెట్టారు.

నలుగురిలో పెద్దది ట్వైలా హోబాక్. ఆమెను కెండ్రా లాక్కొచ్చింది కాబట్టి వచ్చిందిగానీ, తనంత తానైతే వచ్చేది కాదు. కెండ్రాకు ఇద్దరు పిల్లలు, మొగుడు లేడు, ఇల్లు ఖాళీ చెయ్యమని యజమాని తలుపుకు కాగితం అంటించి పోయాడు. ఆ భత్యం వస్తే గండం గట్టెక్కుతుంది. ట్వైలాకు అలాంటి గండాలేవీ లేవు, అసలు ఏ కోరికా లేదు. కోవిడ్ ఫోన్లు ఆగకుండా మోగిన ఆ చలికాలం తర్వాత ఆమె లోపల ఏదో మొద్దుబారిపోయింది. సొంత చెల్లెలి అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో బంగాళాదుంపల సలాడు తిని, బాగుందని మళ్లీ పెట్టించుకుంది. కన్నీళ్లు రాలేదని కూడా ఇంటికెళ్లాకే గమనించింది.

కౌంటీ లాయరు కుర్రాడు నిలబడి రూలు చదివాడు. "జనానికి ఎదురుగా ఉండి పనిచెయ్యాలి, లేదా నలుగురి చేతులూ పడ్డ వస్తువులు ముట్టుకుంటూ పనిచెయ్యాలి. అలాంటివాళ్లకే ఇవ్వాలండి."

"ఫోన్లోంచి కూడా అంటుకుంటుందేంటయ్యా జబ్బు?" అంది కమిషనర్ జానిస్ ఓబర్. వెనక బెంచీల్లో ఇద్దరు నవ్వారు. ఆవిడ మనసంతా సంత మైదానంలో జనం కూర్చుని చూసే కొత్త మెట్ల వరస కట్టించడం మీద ఉంది.

"నలుగురికీ ఒకే కుర్చీ, ఒకే కీబోర్డు, చెవికి పెట్టుకునేదీ ఒకటేనండి. ఒకరు లేవగానే ఇంకొకరు కూర్చోవడమే. కాబట్టి రూలుకు సరిపోతారు. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం."

"నాకైతే అభ్యంతరం లేదు," అన్నాడు కమిషనర్ల అధ్యక్షుడు విల్మర్ స్ట్రూబ్, గడియారం చూసుకుంటూ.

"నాకుంది," అంది జానిస్.

ఇక మిగిలింది మూడో కమిషనర్ ఆరిన్ టెడ్రో. ట్వైలా ఇంటికి మూడిళ్లవతల ఉంటాడు. ఆదివారాలు సాయంత్రం అతని వంటింట్లోనే ఇరుగుపొరుగంతా చేరి పిచ్ పేకాట ఆడేవాళ్లు. అతని భార్య లవోన్ మాంసం, చిక్కుడు గింజలతో చిల్లీ వండి, పక్కన తీపి సిన్నమన్ రోల్సు పెట్టి, ఆటలో తొండి చేసేది. పట్టుకుంటే పకపకా నవ్వేది. లవోన్ పోయాక ఏడాది పైగా ఆరిన్ ట్వైలాతో మాట్లాడలేదు. ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు.

"నాకు ఒకటే అడగాలనుంది," అన్నాడు ఆరిన్. "వీళ్లు చేసే పనేంటి? ప్రశ్నలు రాసున్న కార్డు చూసి చదవడం. ఆ పని చిలక్కి నేర్పితే చిలకా చేస్తుంది. ఆ జనవరి పొద్దున మా లవోన్ ఊపిరాడక పడుంటే నేను ఫోన్ చేశాను. ఎత్తింది ఎవరు? ఇదిగో, ఈవిడే. మా ఇంట్లో వందసార్లు తిన్న మనిషి. 'సర్, మీ అడ్రసు చెప్పండి' అంది. సర్ అంట! అడ్రసు అంట! మా ఇంటి మెట్లు కళ్లు మూసుకుని ఎక్కగలదు ఈవిడ. ఆ నిమిషం అక్కడ తగలేసింది. తర్వాత అంబులెన్సు వచ్చేదాకా నా చేతుల్తో నేను గుండె నొక్కుతూ బతికించుకున్నాను. ఆ నిమిషం చేతిలో ఉండుంటే నా పెళ్లాం ఇవాళ ఉండేది. దానికి భత్యమా?"



"చెప్పవే," అని కెండ్రా ట్వైలా మోచెయ్యి పట్టుకుని గుంజింది. "డ్యూటీ మారడానికొచ్చి నేనప్పుడు పక్కనే ఉన్నా కదా. మొత్తం విన్నాను. ఉన్నదున్నట్టు చెప్పేసెయ్."

ట్వైలా లేచి మైకు దగ్గరికి నడిచింది. మాట్లాడటానికి ఎవరికైనా మూడు నిమిషాలే. ఆమెకు అంత అవసరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు.

ఆ పొద్దున తెరమీద ఆరిన్ నంబరు కనబడగానే, అతని అడ్రసు అతని నోటివెంట రాకముందే, ఆమె అంబులెన్సుకు కబురు పంపేసింది. ఒక్క క్షణం కూడా వృథా కాలేదు. పైగా వృథా కావడానికి ఏమీ మిగల్లేదు కూడా. రెండో ప్రశ్నకే తెలిసిపోయింది. "చెయ్యి లేవట్లేదు ట్వైలా, బిగుసుకుపోయింది, చల్లగా ఉంది," అన్నాడు ఆరిన్. అంటే లవోన్ పోయి గంటలైంది. అతను రాత్రంతా కాపలా కాస్తానని పక్కన కుర్చీ వేసుకుని, అలసిపోయి, తెల్లవార్లూ నిద్రపోయి ఉండాలి. అలాంటి శరీరాన్ని నొక్కించొద్దని కార్డులో రాసే ఉంది. ట్వైలా ఉద్యోగంలో కార్డు దాటింది ఆ ఒక్కసారే. ఉన్న ఒక్క అంబులెన్సూ ఎవరినో తీసుకుని విచిటా ఆస్పత్రికి పోయి తిరిగొస్తోంది, రోడ్లు మంచు. అంతసేపు ఆ మనిషి ఆ గదిలో ఒంటరిగా ఏం చేస్తాడు? నొక్కమంది. అతనితో పాటు లెక్కపెట్టింది. అంబులెన్సు వాళ్లు కూడా చూసి, నోరు మూసుకుని, నువ్వు చెయ్యగలిగిందంతా చేశావయ్యా అని భుజం తట్టారు.

ఇప్పుడు ఆరిన్ ఆమెనే చూస్తున్నాడు. మొహం ఎర్రబడింది, గడ్డం వణుకుతోంది. ఆ మొహం చూస్తే ఆమెకు జాలి కలగాలి, కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది, ఫోన్ మోగితే చెయ్యి దానంతటదే పోయినట్టు.

"కార్డులో మొదటి ప్రశ్న అదే, కమిషనర్ గారూ," అంది. "అలవాటుగా అడిగేశాను. అడక్కుండా ఉండాల్సింది."

"అంటే నిమిషం పోయినట్టే కదా?" అన్నాడు ఆరిన్.

"పోయింది."

వెనకనుంచి కెండ్రా "ట్వైలా!" అని అరిచింది.

మాటలన్నీ రాసుకుంటున్న గుమాస్తా తలెత్తింది. "ఇది రికార్డులోకి ఎక్కుతుందమ్మా. ఇలాగే రాయమంటారా?"

"రాసుకోండి."

ఓటింగుకు ఒక నిమిషమైనా పట్టలేదు. ఇద్దరు వద్దన్నారు, ఒకరు సరేనన్నారు. ఆ వెంటనే సంత మైదానం మెట్ల సంగతి ఎత్తుకున్నారు. చెక్కవి చాలా, అల్యూమినియంవి కావాలా అని జానిస్ ఎంతో శ్రద్ధగా వివరించడం మొదలుపెట్టింది. ఆ శ్రద్ధలో సగం నేలమాళిగ వైపు తిప్పితే ఏం పోయేదో ఆవిడకు.

బయట వరండాలో కెండ్రా గోడకానుకుని ఏడుస్తోంది. "నీకేం పిచ్చి పట్టింది? మనమీద మనమే దుమ్మెత్తి పోసుకున్నాం! రేపు నీ ఉద్యోగం పీకేసినా అడిగే దిక్కు లేదు. నీ డబ్బు నీ ఇష్టం, నాదెందుకు పోగొట్టావు?"

ట్వైలా జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. ఆరిన్ వచ్చాడు, సమావేశం మధ్యలో లేచి. వచ్చి ట్వైలా ముందు నిలబడ్డాడు. కెండ్రా ఉందని కూడా చూసుకోలేదు.

"ట్వైలా," అన్నాడు. పేరుపెట్టి పిలవడం ఏడాది తర్వాత ఇదే. "నేను ఆ రాత్రి నిద్రపోయాను. కుర్చీలోనే. ఎవరికీ చెప్పలేదు. నేను పడుకున్నప్పుడే పోయిందేమో, నన్ను పిలిచిందేమో, నాకు వినబళ్లేదేమో... ఆ మంచమెక్కితే అదే ఆలోచన. రోజూ అదే. కుర్చీలో కూర్చున్నా అదే." కళ్లు తుడుచుకున్నాడు. "అది కాదన్నమాట. నీ వల్లేనన్నమాట. నీ నోటితో చెప్పావు, చాలు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి."

ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఒత్తాడు. అతని చేతులు వెచ్చగా ఉన్నాయని ఆమెకు తెలిసింది, అంతే.

"ఇంటికెళ్లి పడుకో ఆరిన్," అంది.

అతను తలూపి, లోపలికి వెళ్లకుండా, మెట్లు దిగి ఎండలోకి నడిచిపోయాడు.

కెండ్రా ఏడుపు ఆగిపోయింది. అతను తన ట్రక్కు ఎక్కి వెళ్లేదాకా చూస్తూ నిలబడింది. ముక్కు తుడుచుకుని, ఇందాకటి కోపమేమీ లేని గొంతుతో, "అయినా అది నా ఇంటద్దె, ట్వైలా," అంది.

"తెలుసు," అంది ట్వైలా.