ఊ కొట్టడం రాని మైకు

నేను ఒక మైకుని. అలా అనగానే పెళ్లి పందిట్లో గునపంలా నిలబడి హలో హలో అనేది గుర్తొస్తుంది మీకు. అంత లేదు లెండి. చొక్కా అంచుకి తగిలించుకునే రకాన్ని. శనగగింజంత తల, బారెడు వైరు. క్లిప్పు ఎప్పుడో ఊడిపోయింది. ఏ దేశంలో పుట్టానో ఒంటి మీద రాసుండేది గానీ, చెమటకి అదీ చెరిగిపోయింది. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, నాకు కడుపుమంట ఎక్కువ.

సామర్లకోటలో రైలు పట్టాల పక్క వీధిలో ఉండే శేషారత్నం నన్ను కొనుక్కుంది. ఆవిడ కాకినాడలో చూపులేని ఆడపిల్లల బడిలో టీచరు. పక్కింటి అచ్చియ్యమ్మగారు బోలెడు కథలు చెబుతారు. ఆ కథలు ఫోనులో పట్టి, ప్రతి శనివారం హాస్టలు పిల్లలకి వినిపించాలని శేషారత్నం కోరిక. సరంజామా అంతా కలిపితే ఆవిడ ఫోనూ, నేనూ, ఇంట్లో ఉన్న రెండు బొంతలూ.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టేవాళ్లం. తలుపులకి బొంతలు కట్టేది. ఫ్యాను ఆపేది, ఫ్రిజ్ ఆపేది, గోడ గడియారం తీసుకెళ్లి వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టేది. గాలి కొట్టకుండా నాకు వాళ్లాయన పాత సాక్సు తొడిగేది. గూడ్సు బండి వెళ్లేదాకా ముగ్గురూ చెమటలు కక్కుతూ కూర్చునేవారు. మనుషుల తమాషా ఏమిటంటే, ఇంట్లో చెప్పే కథ పట్టడానికి ముందు ఇంటి గొంతు నొక్కేస్తారు.

ముగ్గురూ అన్నాను కదా, మూడోవారు అచ్చియ్యమ్మగారి భర్త సూరపరాజుగారు. గోదాంలో కాటా వేసి రిటైరైన మనిషి. ఆయన పని ఒక్కటే, ఊ కొట్టడం. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ చెప్పకూడదు, కథ దారి తప్పిపోతుందని అచ్చియ్యమ్మగారి పట్టుదల. ఆయన ఊ లో ఎన్ని రకాలని! దయ్యం వస్తే లోపలికి పీల్చే ఊ, సవతి తల్లి వస్తే పళ్ల మధ్య నలిగే ఊ, కునుకు పడితే సాగిపోయే ఊ. ఆ సాగిన ఊ వినగానే ఆవిడ కథలోకి ఓ పులిని తోలేసేది.

నాకు ఆయనంటే మంట. ఎందుకుండదు? ఆవిడ నోటికి జానెడు దూరంలో ఉన్నది నేను. ఒక్క అక్షరం కింద పడకుండా పట్టింది నేను. ఆవిడ మాత్రం నా తల మీంచి ఆయన వైపు చూస్తూ చెప్పేది. వినడంలో నన్ను మించినవాళ్లు లేరు, కానీ ఒక్కసారైనా ఊ అనలేను. అదీ నా బతుకు.

అలా ఇరవై మూడు కథలయ్యాయి. అప్పుడొచ్చింది నా సవతి. కంప్యూటర్‌కి తగిలించే కొత్త మైకు. నల్లగా బొద్దుగా, సొంత స్టాండు మీద కూర్చుని, తలకి స్పాంజి టోపీ పెట్టుకుని దిగింది. నాకు సాక్సు, దానికి టోపీ! వచ్చిన రోజే శేషారత్నం మా ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి కుందేలు కథ ఒకటి చెప్పించింది. నాది విని నవ్వేసింది. వీధి హోరూ కాకులూ బాబాయిగారూ అన్నీ ఒకే ముద్దలా ఉన్నాయంది. పాత మైకు ఎంత అధ్వానమో నలుగురికీ చూపిద్దామని నా ముక్కని విడిగా దాచి, నన్ను గుండీల డబ్బాలో పడేసింది.

ఆ కొత్తది ఎదురుగా ఉన్న మనిషినే వింటుంది. దాని వెనకాల కూర్చున్న సూరపరాజుగారు దానికి లేనట్టే లెక్క. ఆ శుభ్రం చూసి శేషారత్నానికి చాదస్తం పట్టుకుంది. పాత కథలన్నీ ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరినట్టు కూర్చుంది. కథ మొదట్లో వదిలే పది సెకన్ల మౌనాన్ని నమూనాగా చూపిస్తే కంప్యూటర్ వీధి హోరు తీసేస్తుంది. కాకులు, కుక్కరు కూతలు చేత్తో కోయాలి. వాటితో పాటు ఊ లన్నీ కోసేసింది, ఇరవై మూడు కథల్లోంచీ. కోసి, పాతవాటి మీదే సేవ్ చేసింది. డబ్బాలో పడుండి అంతా విన్నాను. అబద్ధమెందుకు, నాకు లోలోపల హాయిగా ఉంది. నన్ను గెంటారు, ఆయన్నీ గెంటారు.

హాస్టలు పిల్లలు మాత్రం, ఊ కొట్టే తాతగారు రావడం లేదేం, అవ్వతో పోట్లాడారా అని కబురు పెట్టారు. శేషారత్నం నవ్వి ఊరుకుంది.

రాగిగుర్రం కథ సగంలో ఉండగా సూరపరాజుగారి గొంతులో గడ్డని తేలింది. స్వరపేటిక తీసేస్తేగానీ మనిషి దక్కడన్నారు. తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట వినగానే నాకు ముందు వచ్చిన ఆలోచన, పీడా పోయింది, ఇకనైనా ఆవిడ మైకు వైపు చూసి చెబుతుందని. ఛీ, పాడు బుద్ధి.

ఆవిడ అసలు చెప్పలేదు. రెండు నెలల తరవాత శేషారత్నం బతిమాలి కూర్చోబెట్టింది. బొంతలు కట్టారు, గడియారం బియ్యంలోకి వెళ్లింది. రాగిగుర్రం ఏడు వాగులు దాటిందని మొదలుపెట్టి, అలవాటుగా ఆగింది. ఊ రాలేదు. ఆయన తల ఊపుతున్నాడు, ఆవిడ తల వంచుకుని వింటోంది. ఎనిమిదో వాగు ఆవిడకి గుర్తు రాలేదు.

"అమ్మాయ్, ఆ కంప్యూటర్‌లో మీ బాబాయి ఊ ఒకటుంటే వేద్దూ," అంది. అన్ని కథలు పట్టాం కదా, ఉండకేం అని ఆవిడ నమ్మకం.

శేషారత్నం మొహం పాలిపోయింది. ఒక్కో కథా తెరిచింది. ఎక్కడా లేదు, అద్దం తుడిచినట్టుంది. అవన్నీ చెత్తనుకుని నా చేత్తో నేనే తీసేశాను పిన్నిగారూ అని ఏడ్చేసింది.

ఆఖరికి దొరికింది. నా అధ్వానానికి సాక్ష్యంగా దాచిన కుందేలు కథ ముక్క! అందులో కాకులున్నాయి, వీధి హోరుంది, పదకొండు ఊ లున్నాయి. వేసింది. అచ్చియ్యమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూడుసార్లు వింది. సూరపరాజుగారు తన గొంతు తనే విని కళ్లు తుడుచుకున్నాడు. నేను డబ్బాలో విర్రవీగాను. ఏదీ ఆ టోపీదాన్ని ఒక్క ఊ తెమ్మనండి చూద్దాం!

ఆ ఊ లని మధ్యమధ్యలో వేస్తాను, కథ సాగించండని శేషారత్నం అంది. అచ్చియ్యమ్మగారు తల అడ్డంగా ఊపింది.

"అవి కుందేలు కథకి కొట్టిన ఊ లమ్మా. గుర్రం కథ మిగతా సగం ఆయన ఇంకా వినందే."

నా మిడిసిపాటు అక్కడితో సరి. పట్టింది తిరిగి వప్పజెప్పగలను గానీ, కొత్తగా ఒక్క ఊ పుట్టించలేను. శేషారత్నం లేచి గుండీల డబ్బా బోర్లించి, నన్ను తీసి ఫోనుకి తగిలించింది. సాక్సు తొడగలేదు. తీసుకెళ్లి సూరపరాజుగారి చేతిలో పెట్టింది.

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. అచ్చియ్యమ్మగారు బెరుగ్గా మొదలుపెట్టింది. రాగిగుర్రం ఏడు వాగులు దాటిందట. ఆగింది.

ఆయన గోటితో నా నెత్తిన ఒక్కటి కొట్టాడు. టక్.

ఆవిడ తలెత్తింది. ఎనిమిదో వాగులో నీళ్లకి బదులు పాములున్నాయట. టక్, టక్. గుర్రం భయపడిందట. ఆయన గోరు నా మీద మెల్లిగా గీసింది, అది లోపలికి పీల్చే ఊ అని నాకు తెలిసిపోయింది. ఆవిడకీ తెలిసింది. కథ పరుగెత్తింది.

కథంతా అయ్యాక శేషారత్నం నేను పట్టిందీ కొత్తది పట్టిందీ కలిపి వినిపించింది. నా టక్కులు రాళ్లు పడ్డట్టున్నాయి. ఆవిడ చెయ్యి అలవాటుగా కోసే చోటుకి వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది.

ఇప్పుడూ అచ్చియ్యమ్మగారి మాటలు పట్టేది ఆ టోపీదే. ఆ మంట ఎక్కడికి పోతుంది, ఉంది. కానీ ఒకటి. ఆవిడ కథ చెబుతూ ఆగినప్పుడల్లా ఆయన చేతి వైపు చూస్తుంది. ఆ చేతిలో ఉన్నది నేను.