భీమశంకరం గారింటి ఇస్త్రీ పెట్టె

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. బరువైనదాన్ని, నల్లపిడి ఉన్నదాన్ని, తొందరగా వేడెక్కేదాన్ని. నన్ను బిగించిన ఫ్యాక్టరీలో పనివాళ్ల చొక్కాలన్నీ నలిగే ఉండేవి. ముడతలు తీసే వస్తువుల మధ్య రోజంతా గడిపేవాళ్లకి తమ ముడతలు తీసుకునే తీరిక లేదు. మనుషుల సంగతి నాకు అక్కడే కొంత అర్థమైంది.

నన్ను మొదట ఎవరో కొని పెళ్లికానుకగా ఇచ్చారు. ఆ పెళ్లికూతురు రమామణి నన్ను ఒక్కసారి ఎత్తి చూసి, "అమ్మో, దీంతో ఇస్త్రీ చేస్తే నా చెయ్యి పడిపోతుంది. నువ్వు పట్టుకుపో అన్నయ్యా" అంది. అలా సామర్లకోట చేరాను. ఆ అన్నయ్య భీమశంకరం గారు. రైల్వేస్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమస్తా. భార్య వసుంధర కాకినాడలో నర్సు. ఆవిడ తెల్లారకుండానే బస్సెక్కేస్తుంది కాబట్టి, ఒక్కగానొక్క కూతురు తన్మయిని బడికి తయారుచేసే పని తన మీద పడిందని ఆయన అందరికీ చెబుతారు. ఎవరైనా ఆ పని పంచుకుంటామన్నా ఆయన ఇవ్వలేదని నేను చెబుతాను.

ఆయన నా పిడి పట్టుకుంటే చాలు, తిట్లు మొదలయ్యేవి. గౌను కుట్టినవాణ్ణి, కరెంటు వాళ్లని, గుడ్డని, చివరికి ముసుగుతన్ని పడుకున్న కూతుర్ని. "లే తల్లీ! ఆటోవాడు వచ్చి హారన్ కొడుతున్నాడు!" కుచ్చులు ఒక్కొక్కటీ గోటితో సరిచేసి, నీళ్లు చల్లి, నన్ను అదిమి, అవి కత్తిపెట్టి కోసినట్టు నిలబడేదాకా వదిలేవారు కాదు. ఆ పిల్ల లేచి, ఆ గౌనే వేసుకుని, ఆయన కళ్లెదుటే నేలమీద చతికిలబడి బూట్లు కట్టుకునేది. ఆయన నెత్తి బాదుకునేవారు. "ఎప్పుడవుతుందిరా భగవంతుడా ఈ పిల్ల పదో తరగతి!"

పెద్దయ్యేకొద్దీ తన్మయి అలా కూర్చోవడం మానేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూడా బట్టలు నలగకుండా ఉండేవి. పిల్లకి బుద్ధొచ్చిందని ఆయన మురిసిపోయారు.

పదో తరగతి ఆఖరి పరీక్ష శనివారం పడింది. శనివారాలు బడికి తెల్ల చొక్కా. దాన్ని ఎంత శ్రద్ధగా చేశారంటే, నాకే విసుగొచ్చింది. మధ్యాహ్నం తన్మయి గుమ్మంలో నిలబడేసరికి ఆ చొక్కా మీద తెల్లదనం ఎక్కడా లేదు. నీలం, ఎరుపు, ఆకుపచ్చ స్కెచ్‌పెన్నులతో పేర్లు, నక్షత్రాలు, వీపు మీద లెక్కల మాస్టారి మీసాలు.

"ఇదేంటే?"

"మా ఫ్రెండ్స్ రాశారు నాన్నా. ఇవాళ ఆఖరి రోజు కదా."

"రాసుకోడానికి ఊళ్లో కాయితాలు దొరకలేదా? ఒక్క మరక పడకుండా ఇన్నాళ్లూ కాపాడుకొచ్చానే దీన్ని! పక్క కౌంటరు సూర్యకుమారి గారి అమ్మాయికి ఇస్తానని మాట కూడా ఇచ్చాను. విప్పు ముందు. నానబెడతాను."

ఆ పిల్ల బట్టలు మార్చుకుని వచ్చేలోపే ఆయన చొక్కాని బకెట్లోకి దింపి కుళాయి తిప్పారు. తన్మయి పరిగెత్తుకొచ్చి లాక్కుంది. అప్పటికే చొక్కా చెయ్యి ఒకటి తడిసి, దానిమీది రంగంతా చెదిరిపోయింది.

"చొక్కా నలిగితే నువ్వు గోల చేస్తావని ఎన్నిసార్లు కబడ్డీకి వెళ్లకుండా అరుగుమీద కూర్చున్నానో నీకు తెలుసా? అందరూ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను నాన్నా. ఇదొక్కటి నాకు వదిలెయ్!"

ఆయన కుళాయి కట్టేశారు. తన్మయి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తను ఆరేసిన చొక్కా మాత్రం కుర్చీ మీద వేలాడుతూ ఉండిపోయింది.

కాసేపయ్యాక ఆయన నన్ను తీశారు. చొక్కాని బల్లమీద పరిచి, పైన పాత పంచె కప్పి, నన్ను సన్నటి వేడి మీద నెమ్మదిగా నడిపించారు. గొణుగుడు ఆగలేదు. "ఒక్కరి అక్షరమూ తిన్నగా లేదు. వీళ్లకి పరీక్షల్లో మార్కులెలా వేస్తారో!" తడి చెయ్యి దగ్గరికి వచ్చి, పంచె ఎత్తి చూసి, నన్ను పక్కన నిలబెట్టేశారు.

"తన్మయీ, ఇక్కడెవరి పేరే?"

తలుపు వెనకనుంచి జవాబు వచ్చింది. "షాహీన్. వాళ్ల నాన్నకి బదిలీ అయింది. సాయంత్రం సామాన్లతో వెళ్లిపోతున్నారు."

ఆయన నా తీగ పీకేసి, చొక్కా భుజాన వేసుకుని స్కూటర్ తాళాల కోసం వెతకసాగారు. "పెన్ను పట్టుకుని రా. తొందరగా! ఎప్పుడూ ఆలస్యమే నీకు!"

అక్కడ జరిగింది నేను చూడలేదు. డ్యూటీ నుంచి వచ్చిన వసుంధరకి తన్మయి నవ్వలేక నవ్వుతూ చెబుతుంటే విన్నాను.

"అమ్మా, లారీకి సామాన్లు ఎక్కిస్తుంటే నాన్న మధ్యలో నిలబడి, 'కొంచెం పెద్ద అక్షరాలతో రాయమ్మా. ఈసారి నీళ్లు తగలనివ్వను' అన్నాడు. షాహీన్ ఒకటే ఏడుపు. నాన్న కూడా అటు తిరిగిపోయాడు."

"నేనెందుకు తిరుగుతాను? లారీ పొగ" అన్నారాయన.

"మరి సూర్యకుమారి గారికి ఏం చెబుతారు?" అంది వసుంధర.

"కొత్తది కొనిస్తానని చెబుతాను. ఇంక నన్నెవరూ విసిగించకండి."

జూన్లో తన్మయి రాజమండ్రి హాస్టలుకి వెళ్లిపోయింది. కరెంటు వస్తువులు అక్కడికి తేకూడదట. ఆ రూలు పెట్టినవాళ్లని ఆయన ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు. నేను ఇక్కడే ఉన్నాను. రోజూ ఆయన చొక్కా ఒక్కటే పని. అయినా ఆయనకి ఎంతకీ తెమలదు. చేసినచోటే మళ్లీ చేస్తారు.

నిన్న చొక్కా మీద నన్ను నడిపిస్తుండగా ఫోను మోగింది.

"జడ కత్తిరించుకుంటావా? ఎందుకే? అదేం చేసింది నిన్ను? తలంటుకోడానికి తీరిక లేకపోతే ఆదివారం నేనొచ్చి..." అంటూ ఆగిపోయారు. అవతల తన్మయి చాలాసేపు మాట్లాడింది. ఆయన వింటూనే ఉన్నారు. నన్ను గాల్లో పట్టుకున్న సంగతి కూడా మరిచిపోయారు.

"సరే తల్లీ, నీ ఇష్టం" అన్నారు చివరికి. ఆ ఇంట్లో ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఆపైన ఒక్క క్షణం కూడా ఓర్చుకోలేక, "మరీ పొట్టిగా వద్దు!" అని అరిచారు.