వాలుగ దవడ, తవిటమ్మ గుండె

మంచుతెరలను మెల్లమెల్లగా విప్పుకొనుచు మార్గశిరప్రభాతము పొందూరి పెంకుటిండ్ల చూరులపై పసిడికాంతులు చిలుకరించుచున్న వేళ, వృద్ధురాలైన తవిటమ్మ తన వాకిట గూర్చుండి వాలుగచేప దవడను చేతబూని ఆ సూక్ష్మదంతపంక్తితో కొండపత్తిని దువ్వుచుండెను. శరదభ్రధవళమైన ఆ దూదిపై నొక రక్తబిందువు వ్రాలెను. ఆ పళ్ళు వ్రేలిని గీరుట ఆమెకు క్రొత్త గాదు; నెత్తురు నిలువకుండుటయే క్రొత్త. లయ తప్పిన ఆమె గుండెకు వైద్యురాలిచ్చిన మాత్రలలో నొకటి రక్తమును పలుచన చేయునది. నాటినుండి ఆమె దూది మైలపడునను వెరపుతో పత్తి దువ్వు దినములందు ఆ మాత్రను మానుచు వచ్చెను.

విశాఖపట్టణపు ఆసుపత్రిలో ఈ సంగతి విని వైద్యురాలు నివ్వెరపడెను. "అమ్మా, అది మానితే గుండెలో నెత్తురు గడ్డకట్టి తలకెక్కవచ్చు. పక్షవాతం వస్తే ఇంక నూలు వడికేదెవరు?"

గుండె పరుగు నణచు మాత్రయో తల త్రిప్పుచుండెను. వేరొక మార్గము, తొడనరము గుండ సన్నని తీగను గుండెకు బంపి లయను జెరచు చోటును గాల్చుట. అది మరల చేయవలసి రావచ్చుననియు, పలుచన మాత్ర పిమ్మటను తప్పకపోవచ్చుననియు వైద్యురాలు దాపరికము లేక పలికెను.

చెల్లెలు పారమ్మ కన్నీరు గ్రుక్కుకొని, "మాత్రలే మింగీయే అప్పా! బావని ఇలాటి ఆపరేషను గది తలుపులోకే పంపినాం. మళ్ళీ సూసినామేటి?" అనెను.

మూసిన ప్రతి తలుపు తవిటమ్మకు మరలిరాని భర్త ముఖమును జ్ఞప్తికి దెచ్చుచుండెను. ఐనను ఆమె, "తల తిరుగుడుతో రాట్నం కాడ కూకోనేకపోతన్నాను. ఆ తీగే పెట్టించుకుంటానే" అనెను.

"మరి పలచన మాత్రో?"

"అదీ ఏసుకుంటాను. ఇకనించి దువ్వుడు నీది, వడుకుడు నాది."

అత్తగారి చేతినుండి తన చేతికి వచ్చిన ఆ దవడ నొరుల కిచ్చుట ఆమెకు మరియొక వీడ్కోలై తోచెను. కాని యీ వీడ్కోలు ఆమె స్వయముగా నెన్నుకొన్నది.

"నాను దువ్వితే దూదంతా ఉండలే. తరవాత తిట్టకు."

"తిడతాను. తిట్టడానికే కదే బతికొస్తన్నాను!"

పారమ్మ కన్నీళ్ళలోనే నవ్వెను. చక్రములబండిని దెచ్చిన నర్సును వారించి, తవిటమ్మ చెంగు బిగించి కాలినడకనే ఆ చికిత్సగది తలుపు దాటెను. భయము కూడ ఆమె వెంట వచ్చుచుండెను; ఆమె దానిని ముందు నడువనీయలేదు.