ఎత్తుకొచ్చిన గడియారం

మా పెద్దసారు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. కథ విన్నాక మీరు ఆయన్ని తిట్టుకుంటారు. తిట్టుకోండి, కానీ ముందు నన్ను తిట్టండి.

డెబ్బయ్యారు జూన్‌లో ఆదోనిలో కొత్త బడి తెరిచారు, ఒకటి నుంచి ఐదు దాకా. పత్తి వ్యాపారి బసన్న స్థలమిచ్చాడు, గదులు కట్టించాడు, కృష్ణా జిల్లా నుంచి పెద్దసారును వెతికి మరీ పిలిపించాడు. "చదువు చెప్పే బడులు ఊరి నిండా ఉన్నాయి. మన దగ్గర చదువుతో పాటు నడవడిక కూడా నేర్పుతాం" అని పెద్దసారు మొదటి రోజే చెప్పారు. లెక్కలకూ తెలుగుకూ వేసినట్టే నడవడికకూ మార్కులు. ప్రోగ్రెస్ కార్డులో చివరి గడి దానిదే.

పిల్లలకే కాదు, టీచర్లకూ నడవడిక పుస్తకం ఉండేది. అది ఆయన బీరువాలో ఉండేది. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన రెండో తరగతి టీచరు భీమాబాయి, అంటే నేను, ఆరు నెలలకే అందులో రెండుసార్లు ఎక్కాను. ఒకసారి 'పెద్దల మాటకు అడ్డు రావడం', ఇంకోసారి 'హేళన'. రెండూ నిజమే, నా నోరు అటువంటిది. మూడోసారి పేరు ఎక్కితే వేరే బడి చూసుకోవాలని ఆయన చాలా మర్యాదగా చెప్పారు. నాన్న మఠంలో వంట చేసేవాడు, చూపు పోయి ఇంట్లో కూర్చున్నాడు. నేనప్పుడు వేరే బడి చూసుకునే స్థితిలో లేను.

శనివారం పొద్దున సత్యవేళ. పిల్లలంతా వరండాలో బారులు తీరి కూర్చుంటారు. ఆ వారం తప్పు చేసినవాళ్ళు లేచి చెప్పాలి. చెప్పినవాళ్ళకు దెబ్బలుండవు, తిట్లుండవు, అందరూ చప్పట్లు కొడతారు. పిల్ల చెబుతున్నప్పుడు టీచర్లు మధ్యలో నోరు మెదపకూడదు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. చప్పట్ల కోసం పిల్లలు చేయని తప్పులు కూడా చెప్పేవాళ్ళు. మూడో తరగతి వాడొకడు ఒకే జామకాయను మూడు శనివారాలు వరసగా దొంగిలించాడు.

హులిగమ్మ మాత్రం ఎప్పుడూ లేవలేదు. నా తరగతి పిల్లే, ఎనిమిదేళ్ళది. వాళ్ళది ఆలూరు అవతలి పల్లె. తండ్రి తొలకరికి జొన్నగిరి చేలల్లో రాళ్ళు వెతకడానికి పోయినవాడు మళ్ళీ రాలేదు. వజ్రమే దొరికిందో, వేరే ఇల్లే దొరికిందో ఎవరికీ తెలియదు. తల్లి దేవమ్మ పిల్లను వెంటబెట్టుకుని ఆదోని వచ్చి, బసన్న ఇంట్లో అంట్లు తోమే పనికి కుదిరింది. బసన్నే పిల్లను బడిలో వేయించాడు. మేం చెప్పినవన్నీ మిగతా పిల్లలు విని వదిలేసేవాళ్ళు. ఆ పిల్ల నమ్మేది.

ఒక శుక్రవారం బసన్న బడి చూడటానికి వచ్చాడు. పోయేముందు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, చేతిగడియారం గట్టు మీద మరిచిపోయాడు. పొద్దు కుంగాక మనిషిని పంపితే అది అక్కడ లేదు. పెద్దసారు ఆ పూట అన్నం కూడా తినలేదట.

మరునాడు సత్యవేళలో ఆయన లేచి నిలబడ్డారు. ముఖం పీక్కుపోయి ఉంది.

"నిన్న కుళాయి దగ్గర నుంచి గడియారం ఎవరు ఎత్తుకెళ్ళారు?"

హులిగమ్మ లేచింది. పావడ అంచు ముడి విప్పి గడియారం తీసి రెండు చేతులతో పట్టుకుంది.

"నేనే సార్. ఎత్తుకపోయినా. మల్లా పొద్దున్నే ఎత్తుకొచ్చినా. మీ రూముకు బీగం ఏసిండ్రి, అందుకని..."

ఆ 'అందుకని' తర్వాతి మాట ఆయన విననే లేదు. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని గబగబా వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టారు.

"చూశారా పిల్లలూ! దొంగతనం చేసింది. రాత్రంతా బాధపడింది. తెచ్చి ఇచ్చేసింది. అందరి ముందూ ఒప్పుకుంది. ఇంతకంటే మనిషికి ఏం కావాలి?"

ఇక్కడ మా వైపు మాట గురించి చెప్పాలి. మాకు బిందె ఎత్తుకరావడమే, పలక ఎత్తుకరావడమే. సంతకు సంచి ఎత్తుకపోతాం, పొలానికి సద్ది ఎత్తుకపోతాం. తేవడానికీ తీసుకుపోవడానికీ మాకున్నది అదొక్క మాటే. ఆయన ఊళ్ళో ఎత్తుకుపోయారంటే దొంగలు పడ్డారని అర్థం. బడిలో దొరికింది పెద్దసారు చేతికే ఇవ్వాలని నేర్పింది మేమే. గది తాళం వేసి ఉంది కనుక గడియారం ఇంటికి తీసుకుపోయి, పొద్దున్నే తెచ్చానని పిల్ల చెప్పింది. అది నాకు అప్పుడే, అక్కడే అర్థమైంది.

నేను నోరు తెరవలేదు. పిల్ల మాట్లాడేటప్పుడు మధ్యలో రాకూడదన్నది నియమం. పుస్తకంలో మూడోసారి ఎక్కుతాననే భయం. వాటితో పాటు ఇంకొకటి ఉంది, అదీ దాచను: ఏడుస్తున్న మనిషిని నూటిరవై మంది పిల్లల ముందు తప్పు పట్టడం బాగుండదనిపించింది. తర్వాత గదిలో మెల్లగా చెబుదాంలే అనుకున్నాను. పిల్లలంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. హులిగమ్మ గడియారం తెచ్చినందుకే ఈ చప్పట్లనుకుని సిగ్గుపడుతూ నవ్వింది.

గదిలోకి వెళ్ళేసరికి ఆయన రాస్తున్నారు. వరండా నల్లబల్ల మీద అప్పటికే ముత్యాల్లాంటి అక్షరాలు ఎక్కాయి: 'హులిగమ్మ, రెండో తరగతి. దొంగిలించినా నిజం ఒప్పుకున్న ధైర్యశాలి.' ఇప్పుడు అదే బడి కమిటీకి రిపోర్టుగా రాస్తున్నారు. నేను మా మాటకు అర్థం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"భీమాబాయిగారూ, మీరు ఆ పిల్ల మీద ప్రేమతో అంటున్నారు. కానీ ఒప్పుకున్న తప్పును వెనక్కి తీసుకోమని నేర్పితే, ఆ పిల్ల జన్మలో మళ్ళీ నిజం చెప్పదు. భాష పేరు పెట్టి తప్పును కప్పకండి."

"సార్, ఇది కప్పడం కాదు..."

"మీరు అక్కడే ఉన్నారు కదా. అప్పుడెందుకు చెప్పలేదు?"

బీరువా వైపు చూసి బయటికి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నల్లబల్ల మీది మాట నూటిరవై ఇళ్ళకు చేరడానికి ఒక్క ఆదివారం చాలింది. సోమవారం పొద్దున దేవమ్మను బసన్న ఇంటి గడప దగ్గరే ఆపేశారు. మధ్యాహ్నం ఆమె బడికి వచ్చింది. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడింది.

"టీచరమ్మా, నువ్వు ఆడనే ఉంటివంట గదా. నీకు తెలీదా మా మాట? నా బిడ్డ దొంగదా?"

"కాదు దేవమ్మా. నేను చెప్తాను."

"ఎప్పుడు సెప్తావమ్మా? ఊరంతా సెప్పుకొనిరి."

ఆ సాయంత్రమే బసన్న ఇంటికి పోయాను. బసన్న మెత్తని మనిషి, నేను చెప్పిందంతా విని తల గోక్కున్నాడు. వాళ్ళమ్మ ఉచ్చీరమ్మ మెత్తనిది కాదు.

"గిన్నెలు, బంగారం ఉండే ఇల్లమ్మా ఇది. రేపు ఏమన్నా పోతే ఎవుర్ని అడగాల? నువ్వు ఒక మాట సెప్తావు, మీ పెద్దసారు ఒక మాట సెప్తాడు. మాకు ఇద్దరూ వద్దు. ఉరుకుందకు పోదాం. ఈరన్న సామి ముందర ఆ పిల్ల ఒట్టేసి కర్పూరం ఆర్పితే, దేవమ్మ రేపట్నుంచే పనిలోకి రానీ."

నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్ల దొంగతనం చేయలేదు, ప్రమాణం చేస్తుంది, అయిపోతుంది అనుకున్నాను.

గురువారం అందరం బస్సులో ఉరుకుంద పోయాం. పెద్దసారుకు కడుపునొప్పని చెప్పి సెలవు పెట్టాను. దేవమ్మ పిల్లకు తల మీద నీళ్ళు పోసి, తడిబట్టలతోనే తీసుకొచ్చి గుడి ముందు నిలబెట్టింది. చలికి పిల్ల పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఉచ్చీరమ్మ రాయి మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించింది.

"నేను సెప్పినట్ల సెప్పి ఆర్పు. బసన్న గడియారం నేను ముట్టలేదు, ముట్టింటే నా కండ్లు పోనీ."

హులిగమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ముట్టినా గదవ్వా. ముట్టకుండ ఎట్ల ఎత్తుకొచ్చేది?"

"అట్లనే సెప్పల్లే పాపా," అంది దేవమ్మ. "అందరూ అట్లనే సెప్తారు. సెప్పి ఆర్పు."

"దేవుని ముందర అబద్ధమా అమ్మా?" అని పిల్ల నా వైపు తిరిగింది. "టీచర్, మీరే గదా అబద్ధం సెప్పగూడదంటిరి?"

"అవ్వా, 'దొంగిలించలేదు' అని చెప్పిస్తే చాలదా?" అన్నాను.

"పెద్దోళ్ళు పెట్టిన మాట మార్చేకి నువ్వెవురు?" అంది ఉచ్చీరమ్మ. "ముట్టలేదనే మాటతోనే మా ఇంట్లో అందరూ ఆర్పినారు. దొంగకే ఆ మాట నోట రాదు."

దేవమ్మ బతిమాలింది. గదమాయించింది. చివరికి తడి వీపు మీద చేత్తో కొట్టింది. పిల్ల ఏడ్చింది గానీ ఆ మాట అనలేదు. ఎవరూ ఆర్పకుండానే కర్పూరం కాలిపోయి రాయి మీద నల్లటి మచ్చ మిగిలింది. ఉచ్చీరమ్మ కొంగు దులుపుకుని బస్సు వైపు నడిచింది. దేవమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఇంకో రెండేళ్ళు బడి లేకుండా పెరిగి ఉంటే ఆ పిల్ల ఉఫ్ అని ఊది, ఇంటికి వచ్చి హాయిగా అన్నం తినేది. దానికి నిజం నేర్పింది నేనే, నడవడిక పీరియడ్‌లో, కథలు చెప్పి మరీ.

ఆ తర్వాత హులిగమ్మ బడికి రాలేదు. నాలుగిళ్ళు తిరిగినా దేవమ్మకు ఎవరూ పనివ్వలేదు. పది రోజులు ఎట్లా గడిపారో నాకు తెలియదు. ఒక పూట నేను రొట్టెలు పంపితే దేవమ్మ తిప్పి పంపింది. పదకొండో రోజు ఆమె బసన్న కాళ్ళ మీద పడి, నా బిడ్డ దొంగతనం చేసిన మాట నిజమే, మన్నించమని వేడుకుంది. బసన్న మన్నించాడు. ఇంట్లోకి కాకుండా తన జిన్నింగు మిల్లులో తల్లికీ బిడ్డకూ పని ఇచ్చాడు. పత్తిలో ఎండాకు, పుల్ల ఏరే పని. "తప్పు ఒప్పుకున్నారు కాబట్టి పెట్టుకుంటాండాను, మళ్ళీ మాట మారిస్తే ఊకోను" అన్నాడట.

వాళ్ళు మిల్లులో పనికి కుదిరారని మాత్రమే విన్నాను, ఒప్పుకున్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఈలోపు నేను బాగా రోషం తెచ్చుకున్నాను. ఒక కాగితం మీద రాజీనామా రాసి పెద్దసారు బల్ల మీద పెట్టాను. "మీరే వచ్చి ఆ పిల్లను మీ నోటితో అడగండి సార్. దొంగిలించానని అంటే నేను పోతాను. కాదంటే నల్లబల్ల మీద మీరు రాసింది మీ చేత్తోనే తుడవాలి." ఆయనకు కోపం రాలేదు. కాసేపు ఆలోచించి చెప్పులు వేసుకున్నారు. నేను ముందే అన్నాను, చెడ్డవాడు కాదని.

మిల్లులో దూది దుమ్ముకు ఎదుటి మనిషి సరిగ్గా కనిపించదు. ఆడవాళ్ళు ముక్కుకు గుడ్డలు కట్టుకుని పత్తి కుప్పల చుట్టూ కూర్చున్నారు. గుడ్డ లేకుండా దగ్గుతూ కూర్చున్న చిన్న పిల్ల హులిగమ్మ. నన్ను చూడగానే దేవమ్మ లేచి పరుగున వచ్చి, పెద్దసారుకు వినపడకుండా నా చెయ్యి పట్టుకుంది.

"ఈ పని గూడా తీయించొద్దమ్మా. నీ కాళ్ళు మొక్కుతా. ఒప్పుకొన్యామని పెట్టుకొన్యారు. కాదంటే ఈ పొద్దే ఎల్లగొడ్తారు."

అప్పుడు తెలిసింది నాకు సంగతి. వెనక్కి తిరిగేసరికి పెద్దసారు అప్పటికే పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. మిల్లు మేస్త్రీ వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"అమ్మాయ్, భయపడకు. నువ్వు ఆ గడియారం దొంగిలించావా? లేక పోకుండా దాచి తెచ్చి ఇచ్చావా? ఏది నిజమో అదే చెప్పు. నీ మాటే నా మాట."

హులిగమ్మ ఆయన్ని చూసింది. మేస్త్రీని చూసింది. తల్లి నా చెయ్యి వదలకుండా నిలబడి ఉండటం చూసింది. మూడు వారాల కింద దేవుడి ముందు, దెబ్బలు పడుతున్నా నోట రానిది, ఆ పూట తడుముకోకుండా వచ్చింది.

"దొంగిలించినాను సార్."

'ఎత్తుకొచ్చినా' అనలేదు. మళ్ళీ ఎవరికీ పొరపాటు రాకుండా పుస్తకాల భాషలో మాట వెతుక్కుని మరీ చెప్పింది. ఆ పిల్ల నోట నేను విన్న మొదటి అబద్ధం అదే.

పెద్దసారు మెల్లగా లేచి నా వైపు తిరిగారు. గెలిచానన్న గర్వం ఆయన ముఖంలో లేదు, నా మీద జాలి ఉంది.

"విన్నారు కదా భీమాబాయిగారూ. ఇప్పుడేమంటారు?"

దేవమ్మ గోళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. ఆ శనివారం వరండాలో ఒక్క మాట అని ఉంటే వీళ్ళు ఇక్కడ ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు అదే మాట అంటే వీళ్ళు ఇక్కడ కూడా ఉండరు.

"దొంగిలించిందే సార్," అన్నాను. "నేనే తప్పుగా అర్థం చేసుకున్నాను."

హులిగమ్మ ఒక్కసారి తలెత్తి నన్ను చూసింది. టీచరు కూడా అబద్ధం చెబుతుందని దానికి అంతవరకూ తెలియదు. తల దించుకుని పత్తిలో ఆకు ఏరుకోసాగింది.