కొట్టేసిన ఎనిమిదో ప్రశ్న

కొత్త మందులు జనానికి ఇవ్వాలా వద్దా అని తేల్చే ఆ ఆఫీసులో ఆయన మాటంటే మాటే. రోగుల చేత నింపించే ఫారం తయారుచేసింది ఆయనే. "రెండు పేజీలు దాటితే ఎవరు చదువుతారయ్యా?" అని పై అధికారి విసుక్కుంటే, చివరిదైన ఎనిమిదో ప్రశ్నని ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఘనత కూడా ఆయనదే. చదువుకున్నవాళ్లు మరి!

ఇవాళ మాత్రం మీటింగు గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల తేలుస్తున్నది సొంత చెల్లెలు వాడుతున్న ఊపిరితిత్తుల మందు సంగతి. అయినవాళ్ల రోగం చర్చకొస్తే బయటికి పోవాలని రూలు. ఫైలు కూడా చూపించరు. పరీక్ష కోసం ఆర్నెల్లుగా నలభై మందికి ఆ మందు ఇచ్చారు. కమిటీ ఊ అంటే చెల్లెలికి ఇక ముందూ అందుతుంది. లేదంటే చేతిలో ఉన్న మాత్రలతో సరి.

తలుపు తీసుకుని వచ్చిన అధ్యక్షురాలు ఆయన మొహం చూడలేకపోయింది.

"ఒప్పుకోలేదండీ. మందు మొదలెట్టక ముందే అందరూ ఫారంలో ఏ ఇబ్బందీ లేదని రాశారు. ఇంక బాగుపడటానికేముంది?"

ఆయనకి ఒళ్లు మండిపోయింది. తిన్నగా చెల్లెలి ఇంటికి పోయాడు. ఆమె డాబా మీద ఆరిన బట్టలు బకెట్లో వేసుకుని మెట్లు దిగుతోంది.

"మందుకి ముందు నాలుగు మెట్లెక్కితే కూలబడేదానివి కదే! మెట్లెక్కడానికి ఇబ్బంది లేదని ఎలా టిక్కు పెట్టావు?"

"ఈ వారంలో ఇబ్బంది పడ్డారా అని ఉంది. నేను పైకెక్కడం మానేసి అప్పటికే రెండేళ్లు. ఎక్కని మెట్లకి ఇబ్బందేంటి అన్నయ్యా? అబద్ధం రాయమంటావా?"

నలభై మందీ అంతే నిజాయితీగా రాసుంటారు.

"ఏమేం మానేశారని ఒక్క ముక్క అడిగుంటే పేజీ నింపేదాన్ని" అని నవ్వింది. "ఆ ఫారం రాసినవాడికి జన్మలో జలుబైనా చేసుండదు."

అదే ఎనిమిదో ప్రశ్న. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"మందు ఆపేస్తారే. ఆ ప్రశ్న ఉండేది. నేనే కొట్టేశాను, పేజీలో పట్టలేదని."

ఆమె బకెట్టు కింద పెట్టింది. లోపలికెళ్లి మాత్రల అట్ట తెచ్చి లెక్కపెట్టింది. పదకొండు.

"డాబా మీది దండెం విప్పి, కింద వరండాలో కట్టి వెళ్లు" అంది.

అన్నయ్యా అనలేదు.