నెల తెప్పించే సీసా

పొద్దున ఆరింటికల్లా, అందరూ 'బూ' (అమ్మా) అని పిలిచే రుమియాతి వీపున బుట్ట కట్టుకుని సందులోకి వస్తుంది. బుట్టలో ఎనిమిది కషాయం సీసాలు. సోలో ఊరి శివార్లలో ఆ సందు ఆడవాళ్లంతా గ్లాసులు పట్టుకుని గడపల్లో నిలబడతారు. దగ్గుకొకటి, నొప్పులకొకటి, ఆలస్యమైన నెలసరి తెప్పించడానికొకటి. ఆ చివరిది మహా మొండిది. కడుపుతో ఉన్నదాని గ్లాసులోకి తలకిందులుగా వంచినా చుక్క రాలదు. దానికి తెలుసులే అనుకుని, ఇంకోటి పోయించుకుని పోతారు.

ఉపవాసాల నెలకి పది రోజులుందనగా ఆ సీసాకి గిరాకీ ఎక్కువ. ముందే నెలసరి అయిపోతే ఉపవాసాలు మధ్యలో ఆగవని ఆశ. ఆ రోజు వుర్యాని గ్లాసు చాచింది. పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు.

రుమియాతి సీసా వంచింది. ఏమీ పడలేదు.

"అమ్మో, వుర్యానీ! మీ ఆయన ఇంత పనిమంతుడా!" అంది పక్కింటావిడ.

"ఊరుకోండక్కా. నిన్న రావాల్సింది రాకపోతే సాయంత్రం పరీక్ష చేసుకున్నా. ఒక్క గీతే వచ్చింది."

"తప్పిన రోజునే? అదీ సాయంత్రం, కడుపు నిండా టీ తాగి?" రుమియాతి కసిరింది. "వారం ఆగు. లేవగానే, ఇంకేమీ తాగకముందు, మొదటిసారి పోసినదాంతో చెయ్యి. ఏమంత తొందరొచ్చింది తల్లీ!"

వుర్యాని ఎలాగో వారం ఆగింది. ఎనిమిదో రోజు పొద్దున రెండు గీతలు వచ్చాయి. మొగుడు సప్తో బాత్రూం తలుపు దగ్గరే కూలబడి ఏడ్చాడు. ఆమె నవ్వుతూ సందులోకి పరిగెత్తింది. రుమియాతి ఎదురుపడేసరికి ఎందుకో నవ్వు ఆగిపోయింది.

"బూ, రెండేళ్ల కిందట ఉపవాసాల ముందు కూడా ఇలాగే తొందరపడి పరీక్ష చేసుకున్నాను. ఒక్క గీతే వచ్చింది. అప్పుడు మీరు ఊళ్లో లేరు. కొట్లో నెల తెప్పించే పొడి ప్యాకెట్టు కొని కలుపుకుని తాగాను. వారం రోజులు రక్తం విపరీతంగా పోయింది. ఆలస్యమైంది కదా, అందుకేలే అనుకున్నాను."

రుమియాతి బుట్ట దించింది.

"అప్పుడు కూడా కడుపులో ఉందా, బూ?"

"తెలీదమ్మా. ప్యాకెట్టు నా సీసాలా కాదు, ఎవరికైనా పోస్తుంది."

మెట్టు మీద కూర్చుని, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది. "దీని కోసం నవ్వడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. ముందు అప్పటి దాని కోసం ఏడువు. ఇన్నాళ్లూ ఎవరూ ఏడవలేదుగా."

వుర్యాని ఏడ్చింది. గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరూ తొందర పెట్టలేదు.